మంచు మిషను, సైకిలు ట్యూబు

లాహౌల్ లోయ, హిమాచల్
నవంబరు మొదటి వారం

జైబూకి,

ఆగస్టులో నేను రాసిన ఉత్తరానికి నీ జవాబు లేదు. ఆ కోపం పక్కన పెట్టి పని మీద రాస్తున్నాను. ఇక్కడి ఫోను సంగతి నీకు తెలుసు. రోడ్డు మలుపులో ఒక బండ ఉంది, దాని మీద నిలబడితేనే మాట వినబడుతుంది. మంచు మొదలైతే ఆ బండే కనబడదు.

పని నీతో కాదు, మీ ఆయన హుమాయున్ అన్నతో.

మా ఆసుపత్రి అంటే నాలుగు మంచాలు, ఒక కాన్పు గది, మంగళవారం వచ్చే డాక్టరు, నేను, వంట చేసే ఛేరింగ్. రోడ్డు నుంచి మా మెట్ల దాకా కాలిబాట ఉంది. జమ్మలమడుగులో మన స్కూలు గేటు నుంచి గంట కొట్టే చోటికి ఎంతో, అంతే దూరం. పోయిన చలికాలం నడుము లోతు మంచు పడిన రోజున ఒక గర్భిణిని జీపులో రోడ్డు దాకా తెచ్చారు. అక్కడి నుంచి తలుపు చెక్క మీద పడుకోబెట్టి మోశారు. కొండ దిగడానికి పట్టిన సమయం కంటే ఆ కాలిబాటకే ఎక్కువ పట్టింది. బిడ్డ దక్కలేదు. దాని గురించి ఇంతకు మించి రాయను.

ఈ ఏడు ఆసుపత్రి నడిపే ట్రస్టు వాళ్లు మనాలిలో మూతపడిన ఒక హోటలు నుంచి మంచు చిమ్మే మిషను తెచ్చి దింపారు. అన్న రిపేరి దుకాణంలో చూసిన కలుపు మిషను గుర్తొచ్చింది. అదే పెట్రోలు ఇంజను, రెండు చక్రాలు, వెనక రెండు పిడులు, పిడుల కింద లివర్లు. ముందు మాత్రం పెద్ద రేకు నోరు, అందులో మర లాగా మెలి తిరిగిన ఇనప పట్టీ. అది మంచును నోట్లోకి లాగితే, లోపల ఉన్న రెక్కల చక్రం దాన్ని పై గొట్టంలోంచి దూరంగా విసురుతుంది. నడిపే పుస్తకం దాంతో రాలేదు. మిషన్లు తనకు తెలియవని డాక్టరు ముందే చెప్పేశాడు. ఛేరింగ్ దాని పక్క నుంచి కూడా నడవదు.

మొదట ఏం చూసుకోవాలో, దేనికి భయపడాలో అన్నను అడిగి రాయి. ఇంక మంచు పడడానికి ఎక్కువ రోజులు లేవు.

కెరోలిన్


ప్రొద్దుటూరు
నవంబరు చివర

కెరోలిన్‌కి సలాం.

జవాబు రాయకపోవడానికి కారణం ఉంది. నువ్వు నర్సువి, ప్రశ్నలు అడుగుతావు. వాటికి జవాబు చెప్పే ఓపిక నాకు లేకపోయింది. ఫోనులో చెప్పడానికి కుదరదు, ఆయన ఎప్పుడూ ఇంట్లోనే ఉంటాడు.

జూలైలో తొండూరు దగ్గర ఓబులేసు చీనీకాయల తోటలో కలుపు మిషను ఆగిపోయిందంటే ఆయన బాగుచేయడానికి పోయాడు. డ్రిప్పు పైపు బ్లేడ్లకు చుట్టుకుపోయింది. దాన్ని లాగబోతే బ్లేడు తిరిగింది. కుడిచేతి మధ్య మూడు వేళ్లు పోయాయి. బొటనవేలు, చిటికెన వేలు ఉన్నాయి.

పుండు మానింది. మనిషి మానలేదు. చేతిని తువ్వాలులో చుట్టుకునే ఉంటాడు, నా ముందు కూడా. ఎడం చేత్తో తినడం మాలో తప్పు. నేను తినిపిస్తానంటే ఒప్పుకోడు, గోడవైపు తిరిగి చెంచాతో తింటాడు. మైదుకూరు రోడ్డులో దుకాణం షట్టరు దించింది దించినట్టే ఉంది. పులివెందుల నుంచి ఒకాయన వచ్చి సామానంతా చూసుకుని పోయాడు. రంజాన్ లోపల వచ్చి తీసుకపోతానన్నాడు. ఈయన సరేనన్నాడు. బతుకు గడవక కాదు, నా కుట్టుపని ఉంది. ఆ సామాను పోతే ఈయనకు పొద్దున లేవడానికి కారణం ఉండదని నా భయం.

నీ ఉత్తరం బిగ్గరగా చదివాను. చివరిదాకా విని, "మంచు సంగతి నాకేం తెలుసు? నేనేమన్నా ఆ కొండల్లో పుట్టినానా?" అన్నాడు. మడిచి పెట్టేశాను. నేను కుట్టుకు కూర్చున్నాక వెనక నుంచి, "ఆ దారిలో రాళ్లుండాయేమో అడుగు" అన్నాడు. కాసేపటికి, "అడిగేదేంది, ఉంటాయి. ఏరెయ్యమను" అన్నాడు.

తర్వాత ఒక్కొక్క మాటే వచ్చింది. కలిపి రాస్తున్నాను. మంచు పడకముందే దారంతా నడిచి రాళ్లు, తీగలు, గోనెపట్టలు తీసేయాలి. పైన మంచు కప్పితే కింద ఏముందో తెలియదు, నోట్లో పడ్డ రాయి గొట్టంలోంచి గుండులాగా వస్తుంది. దారి అంచుల వెంట కర్రలు నాటుకోవాలి. రేకు నోటికి రెండు పక్కల అరిగే పట్టాలు ఉంటాయట. మీది గులకరాళ్ల దారి అయితే వాటిని కిందికి దించి, నోటి అంచు నేలకు వేలు మందం పైన ఉండేట్టు బిగించాలి. నూనె ఎంతుందో చూడాలి. పాత పెట్రోలు ఉంటే పారబోసి కొత్తది పోయాలి, అదీ ఇంజను చల్లగా ఉన్నప్పుడే. షెడ్డులో స్టార్టు చేయకూడదు, పొగ మనిషిని చప్పుడు లేకుండా చంపుతుంది. గొట్టం మూతి కిటికీల వైపు, మనుషుల వైపు తిప్పకూడదు. నీ చున్నీ కొసలు స్వెట్టరు లోపలికి దోపుకోవాలి.

ఇన్ని మాటలు ఆయన నోట విని నెలలైంది. మళ్లీ ఏమైనా అడుగు. అవసరం లేకపోయినా అడుగు.

జైబున్నీసా


లాహౌల్ లోయ
డిసెంబరు మధ్య

జైబూ,

నర్సు ప్రశ్నలు అడగను. ఒక్క పని చెప్తాను. రోజూ గోరువెచ్చని నీళ్లలో చేయి పెట్టి, బొటనవేలిని చిటికెన వేలికి ఆనించే ప్రయత్నం చేయమను. ఆనకపోయినా సరే, మానకుండా చేయమను. ఆ రెండు వేళ్లు ఒకదాన్నొకటి అందుకుంటే చాలా పనులు జరుగుతాయి.

అన్న చెప్పినవన్నీ చేశాను. రాళ్లు ఏరితే గంపలు నిండాయి. ఛేరింగ్ విల్లో చెట్టు కొమ్మలు నరికి అంచుల వెంట నాటింది. పోయిన వారం మోకాలి లోతు మంచు పడింది. తాడు లాగితే రెండోసారికి ఇంజను అందుకుంది. అది మంచు చిమ్ముతుంటే నీకు చూపించాలనిపించింది. మీ ఊరి పత్తి మిల్లులో దూది ఎగిరినట్టు ఉంటుంది. మెట్ల నుంచి రోడ్డు దాకా నేనొక్కదాన్నే తీశాను. మర్నాడు పైఊరి ముసలాయన కర్ర కూడా లేకుండా మందులకు నడిచి వచ్చాడు. దారిని చూసి, నన్ను చూసి, తన భాషలో ఏదో అన్నాడు. నాకు పెళ్లి ఎందుకు కాలేదో ఇప్పుడు అర్థమైందన్నాడని ఛేరింగ్ చెప్పింది.

ఒక చిక్కు ఉంది. ఎండకు మెత్తబడిన మంచు ముద్దగా వస్తుంది. అది గొట్టంలో ఇరుక్కుంటుంది. ఛేరింగ్ కొయ్య గరిటెతో పొడుస్తున్నాను. దీనికి వేరే దారి ఉంటే అన్ననడుగు.

ఇంకొకటి. లివర్లు నొక్కి పట్టుకుంటేనే మిషను నడుస్తుంది. ఈ చలికి వేళ్లు మొద్దుబారిపోతాయి. మన వైపు కలుపు మిషన్లకు సైకిలు ట్యూబు కడతారు కదా. ఇక్కడ సైకిలు లేదు. రక్తం తీసేటప్పుడు చేతికి కట్టే రబ్బరు ఉంది, దాంతో లివర్లు పిడికి కట్టేశాను. చేతులు జేబులో పెట్టుకుని కూడా వెనక నడవచ్చు. అన్న చూస్తే మెచ్చుకుంటాడు.

కెరోలిన్


ప్రొద్దుటూరు
జనవరి మొదటి వారం

కెరోలిన్,

నీ ఉత్తరం చదువుతూ రబ్బరు దగ్గరికి వచ్చేసరికి ఆయన లేచి నిలబడ్డాడు. "మళ్లా చదువు" అన్నాడు. మళ్లీ చదివాను. నా చేతిలోంచి కాగితం లాక్కున్నాడు, కుడిచేత్తో. తువ్వాలు జారి కింద పడింది కూడా చూసుకోలేదు.

నీకు ఫోను చేశాడు, కలవలేదు. బజారులోకి పోయి వేరే కంపెనీ ఫోను నుంచి చేశాడు. అదీ కలవలేదు. ఇంటికి వచ్చి పెన్ను అడిగాడు.

నేను నీకు చెప్పనిది ఒకటుంది. తొండూరులో ఆ మిషను లివరు కట్టేసి ఉంది. ఏమైందో చూడడానికి ఈయన స్టార్టు చేసిన ఇంజను ఆగలేదు, మెల్లగా తిరుగుతూనే ఉంది. ఆ ట్యూబు కట్టింది ఈయనే, ఇదే దుకాణంలో. ట్యూబు కట్టి ఇవ్వకపోతే రైతులు మిషను తీసుకోరు. ప్రొద్దుటూరులో హుమాయున్ కట్టు అంటే ఊడదని పేరు. ఆ పేరుకు మేమిద్దరం మురిసినవాళ్లమే.

కింద ఆయన ఎడం చేత్తో రాసింది. అక్షరాలు చూసి నవ్వొద్దు.

కెరోలినమ్మా. రబ్బరు కోసెయ్యి. విప్పొద్దు, కోసెయ్యి. విప్పితే మళ్లా కడతావు. నువ్వు పడినా, చెయ్యి జారినా మిషను ఆగేదానికే ఆ లివరు పెట్టినారు. గొట్టంలో ఇరుక్కుంటే ముందు లివర్లు వదులు. ఇంజను ఆపు. ఇంజను తాళంచెవి తీసి జేబులో ఏసుకో. లోపల తిరిగేది నిలిచిందాకా ఉండు. అప్పుడు గరిటె. చెయ్యి మాత్రం వద్దు. ఇంజను ఆగినాక కూడా వద్దు, బిగుసుకోని ఉండేది మంచు కదలంగానే ఒకసారి తన్నుతాది. చలికి చేతులు మొద్దుబారితే ఆపి లోపలికి పోయి కాచుకో. దారి యాడికీ పోదు.


లాహౌల్ లోయ
జనవరి చివర

జైబూ, హుమాయున్ అన్నా,

ఇద్దరికీ కలిపి రాస్తున్నాను.

మీ ఉత్తరం ఆలస్యంగా చేరింది. అది రాకముందే జరిగింది. ఎండకు కరిగి రాత్రి గడ్డకట్టిన చోట నా కాలు జారింది. నేను వెల్లకిలా పడ్డాను. మిషను ఆగలేదు, నేను లేకుండానే మెట్ల వైపు పోయింది. మెట్ల మీద ఛేరింగ్ వంగి ఊడుస్తోంది. ఇంజను చప్పుడు రోజూ వినేదే కాబట్టి తల ఎత్తలేదు. నేను అరిచింది ఆ చప్పుడులో కలిసిపోయింది.

కింది మెట్టు రాయి నోట్లో పడింది. ఏదో విరిగిన శబ్దం వచ్చి మర నిలిచిపోయింది. చక్రాలు మాత్రం రాయిని నెడుతూనే ఉన్నాయి. పాక్కుంటూ పోయి తాళం తిప్పాను. ఛేరింగ్ అప్పుడు తల ఎత్తింది. మిషను నోటికి, తన పాదాలకు మధ్య ఒక మెట్టు ఉంది. తన గరిటె తీసుకుని లోపలికి పోయింది.

ఆ రోజే రబ్బరు విప్పి అల్మారాలో పెట్టాను. మర్నాడు వేళ్లు తిమ్మిరెక్కగానే నా చూపు అల్మారా వైపు పోయింది. అన్న చీటీ వచ్చాక కత్తెరతో ముక్కలు చేశాను. ఛేరింగ్ కళ్ల ముందే చేశాను. గరిటె తిరిగి ఇచ్చింది.

ఇప్పుడు అసలు ఇబ్బంది. విరిగింది ఒక పిన్ను. మరను దాని ఇరుసుకు పట్టి ఉంచేది అదే. ముక్కలు ఈ కవరులో పెట్టాను. ఇక్కడి కమ్మరి ఉక్కు బోల్టు వేస్తానంటున్నాడు, ఇక జన్మలో విరగదట. వద్దని ఎందుకు అనిపిస్తోందో తెలియదు, కానీ అనిపిస్తోంది. అన్న చెప్పేదాకా పార పట్టాం.

పైఊరి నుంచి ఒకామె మార్చి మొదట్లో కాన్పుకు రావాలి. పోయిన ఏడు తలుపు చెక్క మీద వచ్చిన ఆమే ఈమె. ముందుగా వచ్చి ఉండమంటే, ఇంట్లో పశువులున్నాయి, నొప్పులొస్తేనే వస్తానంది. పోయిన వారం చూపించుకోవడానికి వచ్చి, తిరిగి పోతూ దారి మధ్యలో నిలబడి అటూ ఇటూ చూసింది. "మిషను ఏమైంది?" అని అడిగింది. బాగవుతుందని చెప్పాను.

కెరోలిన్


ప్రొద్దుటూరు
ఫిబ్రవరి, రంజాన్ రేపో ఎల్లుండో

కెరోలిన్,

నీ కవరు వచ్చిన పూట ఆయన పిన్ను ముక్కలను కిటికీ దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశాడు. కమ్మరి ఉక్కు బోల్టు సంగతి చదివితే, "కొంప ముంచుతాడు" అన్నాడు. ఆ పిన్ను మెత్తటి ఇనుముతో చేసేదే రాయి తగిలితే విరగడానికట. అది విరిగితే లోపలి పళ్లచక్రాల పెట్టె దక్కుతుంది. అది విరగకపోతే పెట్టె పగులుతుంది. నీకు ఎందుకో వద్దనిపించింది చూడు, అది సరైనదేనని చెప్పమన్నాడు.

తర్వాత షట్టరు తాళం అడిగాడు. నేనూ వెంట పోయాను. లోపలంతా దుమ్ము, బల్లి గుడ్లు. తన డబ్బాల్లో వెతికి ఒక మెత్తటి కమ్మీ తీశాడు. ఎడం చేత్తో ఆకురాయి పట్టాడు, కమ్మీని పట్టడానికి రెండో చెయ్యి లేదు. నేను పట్టుకుంటానన్నాను. వద్దని కమ్మీని వైసులో బిగించాడు. బల్లకు బిగించిన ఆ ఇనప దవడ ఎంత గట్టిగా పట్టిందంటే, ఆయన కొంచెం సేపు ఆకురాయి ఆపి దాన్నే చూస్తూ నిలబడ్డాడు. మొదటి పిన్ను వంకర పోయింది, రెండోదీ పోయింది. చీకటి పడ్డాక గానీ ఒకటి కుదరలేదు.

మర్నాడు పులివెందులాయన ఆటో తీసుకుని వచ్చాడు. దుకాణం తెరిచి ఉండడం చూసి సామాను సర్ది పెట్టాడనుకున్నాడు. ఈయన తల ఎత్తకుండానే, "వైసు తప్ప ఏది కావాల్నో తీసుకపో అప్పా" అన్నాడు.

"వైసు లేకుండా ఈ సామాను నేనేం చేసుకోవాల సాయిబూ?"

"నేను చెప్తాండేది కూడా అదే."

ఆయన మాట తప్పినావని రెండు మాటలు అని, టీ తాగి ఖాళీ ఆటోతో పోయాడు.

పిన్నులు పార్సిలు చేశాం. కంపెనీది దొరికేదాకా ఇవి పనిచేస్తాయట. బిగించేముందు ఇంజను ఆపి, తాళం తీసి, ప్లగ్గు వైరు కూడా పీకి పక్కన పెట్టాలి. ఇరుసు రంధ్రం, మర రంధ్రం ఒకదాని మీదికి ఒకటి తేవడానికి మరను కొయ్యతో తిప్పాలి, చేత్తో కాదు. ఈ మాట మూడుసార్లు రాయమన్నాడు. ఒకసారి రాశాను, నువ్వు మూడుసార్లు చదువు.

చెయ్యి గోరువెచ్చని నీళ్లలో పెడుతున్నాడా లేదా అని నువ్వు అడగలేదు. పెడుతున్నాడు. నేను నిద్రపోయాననుకుని పెడుతున్నాడు.

జైబున్నీసా


లాహౌల్ లోయ
మార్చి మధ్య

జైబూ,

పిన్ను సరిపోయింది. ఛేరింగ్ కొయ్యతో మరను తిప్పింది, నేను బిగించాను.

పైఊరామె వచ్చిన రోజు తెల్లవారుజాము నుంచి మంచు పడుతూనే ఉంది. జీపు రోడ్డు మీద ఉందని కబురు రాగానే మిషను బయటికి తీశాను. మధ్యలో ఒకసారి గొట్టం బిగుసుకుంది. తొందరలో నా చెయ్యి ముందుకు పోయిన మాట నిజం. లివర్లు వదిలాను, ఇంజను ఆపాను, తాళం జేబులో వేసుకున్నాను. మర నిలిచేదాకా నిలబడ్డాను. అంత పొడవైన నిమిషం నేనెప్పుడూ చూడలేదు. తర్వాత గరిటె. దారి తెరుచుకుంది.

ఆమె నడిచి వచ్చింది. ఒక పక్క భర్త, ఒక పక్క ఛేరింగ్. ఆడపిల్ల, బాగా ఏడ్చింది. మూడో రోజు పిల్లను ఎత్తుకుని నడిచే వెళ్లింది. పోతూ మిషను రేకు మీద, పశువును తట్టినట్టు, చేత్తో తట్టింది.

ఇక పెద్ద మంచు ఉండదంటున్నారు. వచ్చే చలికాలం దాకా దీన్ని ఎలా దాచాలో అన్నను అడుగు. సెలవు దొరికితే మేలో జమ్మలమడుగు వస్తాను, అక్కడి నుంచి మీ ఇంటికి బస్సులో ఎంతసేపు.

కెరోలిన్


ప్రొద్దుటూరు
ఏప్రిల్

కెరోలినమ్మకు హుమాయున్ రాసేది.

ఇది కూడా ఎడం చెయ్యే. ముందుకన్నా మేలుగా ఉండాది అంటాంది మీ జైబు.

మిషను దాచేముందు ట్యాంకులో పెట్రోలు ఉంచొద్దు. బయట పెట్టి, పెట్రోలు అయిపోయి దానంతట అది ఆగిందాకా నడపనీ. ఉంటే జిగురై ఇంజను గొంతు పట్టుకుంటాది. నూనె మార్చు. మరకు, ఇరుసుకు గ్రీసు పూయి, లేకుంటే తుప్పుకు రెండూ అతుక్కోని పిన్ను విరగాల్సినప్పుడు విరగదు. పట్టాలు అరిగినాయేమో చూడు. గుడ్డ కప్పు, ప్లాస్టిక్కు కప్పొద్దు, చెమ్మ పడతాది. తాళం నీ దగ్గర పెట్టుకో.

పిల్ల సంగతి చదివినాం. సంతోషం.

ఈడ దుకాణం పొద్దున పూట తెరుస్తాండా. మొన్న ఓబులేసు వచ్చినాడు తొండూరు నుంచి. అదే మిషను. ఇన్ని రోజులూ నా మొగం చూడలేక రాలేదంట. కార్బరేటరు కడిగి ఇచ్చినా. లివరుకు ట్యూబు అట్లనే ఉండాది, నేను కట్టిందే. కత్తి తీసి కోసేసినా. ఆయప్పకు కోపమొచ్చింది. "ఏంది మామా, దినమంతా నొక్కి పట్టుకోని ఎవురు నడుపుతారు? చేతులు పడిపోవా?" అన్యాడు. అనేసి తల పక్కకు తిప్పుకున్యాడు.

చెయ్యి చూపించినా. చూసుకోనీ అని బల్ల మీద పెట్టినా. తర్వాత ఆ చేత్తోనే స్పానరు అందుకున్యా. బొటనేలికి, చిటికెనేలికి మధ్య నిలుస్తాది, చిన్నదైతే.

ఇప్పుడు ఎవురు మిషను తెచ్చినా ముందు ట్యూబు కోస్తాండా, తర్వాతనే రిపేరి. ఇద్దరు తిట్టి పోయినారు. వాళ్లలో ఒకడు మళ్లా వచ్చినాడు.

మేలో రా. పిన్నులు ఇంకా చేసి పెడతా, ఎత్తుకపోదువు.

హుమాయున్

కెరోలిన్, ఈ కొంచెం చోటులో నేను రాస్తున్నా. ఓబులేసు వచ్చిపోయిన రోజున ఈయన చేతికి చుట్టుకునే తువ్వాలు ఉతికి తీగ మీద ఆరేశాను. ఎండి, గాలికి ఒక పక్కకు జరిగి, ఇంకా అక్కడే ఉంది. ఆయన అడగలేదు.